‘నీడ నాతో రాదు’: 30 వేలతో సర్రియల్ మ్యూజిక్ వీడియో ఎలా తీయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఐదుగురు కలిసి సొంతంగా చేసుకున్న పాట, నిడివి 4 నిమిషాలు, పల్లవి ‘నీడ నాతో రాదు’. చేతిలో 30 వేల రూపాయలు, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, రెండు ఫోన్లు ఉన్నాయి. మే మొదటి వారంలో ఇంటర్నల్స్ అయిపోగానే హైదరాబాద్‌లోనే షూటింగ్ పెట్టుకోవాలి. వీడియో సర్రియల్‌గా, అంటే కలలో జరిగినట్టు వింతగా ఉండాలి, కానీ మీలో వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్ గ్రాఫిక్స్) తెలిసినవాళ్లు లేరు. నేను కెమెరా, ఎడిటింగ్ పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. కాలేజీ పిల్లలతో ఇలాంటివి చాలా చేయించాను కూడా. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఐడియాల జాబితా గురించి. కరిగే గడియారం, గాల్లో తేలే గొడుగు, మంటల్లో పియానో, గుర్రం తల మాస్క్, ఎడారి మధ్యలో తలుపు. వీటిని పక్కన పెట్టేయండి. 1924లో పారిస్‌లో సర్రియలిజం మ్యానిఫెస్టో వచ్చినప్పటి నుంచి ఐరోపా చిత్రకారులు వాళ్ల ఇళ్లలో, వాళ్ల వీధుల్లో ఉన్న వస్తువులనే తీసుకుని వింతగా మార్చారు. వాళ్లకు గొడుగూ పియానో రోజూ కళ్లెదుట ఉండేవి. మీ పాట పాడే అమ్మాయి కలలోకి పియానో ఎందుకు వస్తుంది? ఆమె కలలోకి నీళ్ల ట్యాంకు వస్తుంది, హాస్టల్ బకెట్ వస్తుంది, ఇడ్లీ పాత్ర మూత తీయగానే లేచే ఆవిరి వస్తుంది, తాడు మీద ఆరేసిన యూనిఫాం వస్తుంది. చూసేవాడికి బాగా తెలిసిన వస్తువు కొంచెం తప్పుగా ప్రవర్తిస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. తెలియని వస్తువు ఏం చేసినా అది డెకరేషన్ కిందే లెక్క.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మీ వీడియోలో లోకం నియమం ఒక్కటే మారాలి. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు, మామూలుగా, చాలా శ్రద్ధగా ఉండాలి. స్టూడెంట్ వీడియోల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే: ప్రతి షాట్‌లో ఒక కొత్త వింత. మొదటి వింతకు ఆశ్చర్యపోతాం, మూడోదానికి అలవాటు పడతాం, ఐదోదానికి ఫోన్ పక్కన పెడతాం. మీకు పల్లవే నియమం ఇచ్చేసింది. ‘ఈ లోకంలో నీడలు మనుషుల మాట వినవు.’ ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఏ ఐడియా వచ్చినా దానితో సరిచూడండి. గాల్లో తేలే టీవీకి నీడతో సంబంధం ఉందా? లేదు, తీసేయండి. నటించేవాళ్లు కూడా ‘అయ్యో, నా నీడ!’ అని మొహంలో చూపించకూడదు. కలలో ఉన్న మనిషికి అది కల అని తెలియదు కదా. నీడ పక్కదారి పట్టి వెళ్లిపోతుంటే ఆమె బట్టలు ఆరేసుకుంటూనే ఉండాలి.

ఇక్కడ హైదరాబాద్ మీకు ఒక బహుమతి ఇస్తోంది. మన ఊరు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి సంవత్సరానికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. మేలో అయితే మధ్యాహ్నం 12:12 ప్రాంతంలో నిటారుగా నిలబెట్టిన కర్రకు, సీసాకు నీడే పడదు. దీన్నే నీడలేని రోజు అంటారు. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతాడు. అంటే 12:08 నుంచి 12:16 వరకు నిటారుగా ఉన్న మనిషి ఎత్తు వస్తువుకు నీడ మూడు సెంటీమీటర్లకు మించదు. ఆ రోజుకు ముందు మూడు రోజులు, వెనుక మూడు రోజులు కూడా తేడా కంటికి పెద్దగా తెలియదు. మీ షూటింగ్ సరిగ్గా ఆ వారంలోనే పడుతోంది. ఆగస్టులో కూడా ఈ అవకాశం వస్తుంది గానీ మబ్బులను నమ్ముకోలేం.

అసలు నీడ లేనప్పుడు మీకు కావలసిన నీడను మీరే నేల మీద గీసుకోవచ్చు. నల్లగుడ్డతోనో రంగుతోనో చేస్తే కెమెరాలో వెంటనే దొరికిపోతుంది, ఎందుకంటే నిజం నీడలోంచి నేల గరుకుతనం కనిపిస్తూనే ఉంటుంది. దానికి నేను చెప్పే ఉపాయం నీళ్లు. తడిసిన సిమెంటు ముదురుగా కనిపిస్తుంది, గరుకుతనం పోదు, అచ్చం నీడలాగే ఉంటుంది. అడ్డంగా పడేసిన పాత ఫ్లెక్సీ ఒకటి తెచ్చుకోండి, ప్రతి గల్లీలో దొరుకుతుంది. ముందురోజు సాయంత్రం టెర్రస్ మీద పాడే అమ్మాయిని నిలబెట్టి, ఫ్లెక్సీ మీద పడిన పొడవాటి నీడ అంచు వెంట మార్కర్‌తో గీసి, ఆ ఆకారం కత్తిరించి తీసేయండి. మర్నాడు మధ్యాహ్నం ఆ ఫ్లెక్సీని నేల మీద పరిచి, అంచులు ఇటుకలతో నొక్కి, ఖాళీ భాగంలో మొక్కలకు కొట్టే చేతి స్ప్రేయర్‌తో నీళ్లు కొట్టండి. బకెట్‌తో పోస్తే అంచు కిందికి పాకుతుంది, అందుకే స్ప్రేయర్. ఫ్లెక్సీ లేపగానే నిలువెత్తు నీడ. దాని పాదాల దగ్గర ఆమె నిలబడుతుంది.

ఐదుగురూ నిలబడి ఐదు నీడలూ ఐదు దిక్కులకు పడితే? పై అంతస్తు నుంచో, ట్యాంకు పక్క నుంచో కిందికి తీసిన ఆ ఒక్క షాట్ మీ వీడియో పోస్టర్ అవుతుంది. దీనికి కంప్యూటర్ గ్రాఫిక్స్ పైసా అక్కర్లేదు.

ఇంకా ఉంది. మే ఎండకు ఆ నీడ ఆరిపోతుంది. ముందు పలుచని చోట్ల, అంచుల దగ్గర చెదురుతుంది, తర్వాత చేతులు పోతాయి, చివరికి మధ్యలో ఒక మచ్చ మిగిలి అదీ పోతుంది. మీ పల్లవికి ఇంతకంటే ఏం కావాలి? ఇది టైమ్‌ల్యాప్స్‌గా తీయండి. ఆమెను ఎండలో కదలకుండా నిలబెట్టొద్దు. ఆమె చెప్పులు మాత్రం నీడ పాదాల దగ్గర వదిలి, మనిషిని నీడపట్టుకు పంపేయండి. రెండు సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున తీస్తే, ఎనిమిది నిమిషాల్లో ఆరే నీడ 240 ఫ్రేములవుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద అది దాదాపు పది సెకన్లు. ఎంతసేపట్లో ఆరుతుందో మీ టెర్రస్ మీద ముందే ఒకసారి చూసుకోండి, సిమెంటును బట్టి, గాలిని బట్టి మారుతుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే నేల ఆరే కొద్దీ కెమెరా వెలుతురు సర్దుకుంటూ పోయి మొత్తం మినుకుమినుకుమంటుంది.

ఒక హెచ్చరిక. నడినెత్తి ఎండలో క్లోజప్ తీయకండి. కనుబొమ్మల నీడ కళ్ల మీద పడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. ఆ సమయాన్ని వైడ్ షాట్లకే వాడుకుని, క్లోజప్‌లు ఉదయం ఏడింటికో, సాయంత్రం ఐదున్నరకో పెట్టుకోండి. తప్పదంటే తెల్లటి థర్మోకోల్ షీటు ఛాతీ కింద పట్టుకుంటే మొహానికి వెలుతురు తిరిగి వస్తుంది. 12:12కు ముందు పావుగంట, తర్వాత పావుగంట మాత్రమే అందరూ ఎండలో ఉండాలి. మజ్జిగ, ఓఆర్ఎస్, గొడుగులు, కాళ్లకు చెప్పులు బడ్జెట్‌లో రాసుకోండి. టెర్రస్ సిమెంటు మీద ఉత్తకాళ్లతో నిలబడమని ఎవరినీ అడగొద్దు, ఎంత కళాత్మకంగా అనిపించినా సరే.

రెండో ట్రిక్ వెనక్కి నడిచే లోకం. దీన్ని ఒక చరణానికి మాత్రమే వాడండి. పాటను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రివర్స్ చేయండి. ఆమె ఆ రివర్స్ పాటకు పెదాలు కలుపుతూ వీధిలో వెనక్కి నడుస్తుంది. తీసిన షాట్‌ను ఎడిటింగ్‌లో తిరగేస్తే ఆమె ముందుకు నడుస్తూ సరిగ్గా పాడుతుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లంతా వెనక్కి నడుస్తుంటారు. గ్లాసులోని టీ కెటిల్‌లోకి లేస్తుంది. ఇడ్లీ ఆవిరి దిగొచ్చి పాత్రలో దూరుతుంది.

పెదాలు కలపడం వినడానికి కష్టంగా ఉంటుంది గానీ తెలుగు లిపి ఉన్నవాళ్లకు ఇది సాధ్యమే. మనం పలికింది పలికినట్టు రాస్తాం కదా, కాబట్టి శబ్దాలను ఒక్కొక్కటిగా విడదీసి చివరి నుంచి రాసుకోవచ్చు. ‘నీడ నాతో రాదు’ తిరగేస్తే ‘ఉదారో తాన డీన్’ అవుతుంది. అక్షరాలు కాదు, శబ్దాలు తిరగేయాలి. ‘దు’లో ద్ తర్వాత ఉ ఉంది, కాబట్టి ముందు ఉ రావాలి, తర్వాత ద్. ఇలా చరణంలో నాలుగు లైన్లు చార్టు మీద పెద్దక్షరాల్లో రాసి, రివర్స్ ట్రాక్ వింటూ వారం రోజులు ప్రాక్టీసు చేయించండి. అన్నీ పర్‌ఫెక్ట్‌గా రావు. పెదాలు మూసుకునే శబ్దాలు, అంటే ప, బ, మ లాంటివి సరైన చోట పడితే చాలు, చూసేవాళ్ల మెదడు మిగతాది సర్దేసుకుంటుంది. చున్నీ గాలికి తప్పు దిక్కుకు ఎగురుతుంది, ఎగరనివ్వండి, అందం అక్కడే ఉంది.

మూడోది స్లో మోషన్‌లో పాడటం. పాటను రెట్టింపు వేగంతో వినిపించి సెకనుకు 50 ఫ్రేముల్లో తీసి, 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద సగం వేగానికి తెస్తే పెదాలు పాటతో కలుస్తాయి, జుట్టూ బట్టలూ మాత్రం నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. సాగదీసి పాడే లైన్లకే ఇది పనికొస్తుంది. మీ రెండో చరణంలో ర్యాప్ ఉందన్నారు, దానికి దీన్ని పెట్టకండి. దానికి తలకిందులుగా చేయండి. పాటను సగం వేగంతో వినిపించి, మామూలు 25 ఫ్రేముల్లోనే తీసి, ఎడిటింగ్‌లో రెట్టింపు వేగం చేయండి. ఆ షాట్లకు షట్టర్ స్పీడ్ 1/25 సెకను పెడితే వేగం పెంచాక కదలిక మెత్తగా ఉంటుంది. ర్యాప్ చేసే అబ్బాయికీ హాయి, అక్షరం అక్షరం పలికే టైమ్ దొరుకుతుంది.

ఈ మూడూ చాలు. నాలుగో ట్రిక్ అడగొద్దు.

కెమెరా సెట్టింగుల గురించి ఒక్క మాట. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్లో మామూలుగా ఉండే 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌తో ట్యూబ్‌లైట్ కింద తీస్తే చారలు పాకుతూ కనిపిస్తాయి. అన్ని కెమెరాలూ 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టండి. 50 ఫ్రేములు తీసేటప్పుడు 1/100. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా కొట్టేస్తుంది కాబట్టి లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి అద్దెకు తెచ్చుకోండి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు అద్దెకిచ్చే షాపులు చాలా ఉన్నాయి. ఫోన్లకు బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ మీ పనికి సరిపోతుంది.

పాట వినిపించే స్పీకర్ ఎప్పుడూ పాడేవాళ్ల పక్కనే ఉండాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. మీరు కెమెరా దగ్గర స్పీకర్ పెట్టుకుని 34 మీటర్ల దూరంలో ఆమెను నిలబెడితే పాట ఆమెకు పదో వంతు సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. అంటే రెండున్నర ఫ్రేములు. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందని పట్టేస్తారు. కెమెరా మైక్ మాత్రం ఆఫ్ చేయొద్దు, ఎడిటింగ్‌లో పాటతో కలుపుకోవడానికి ఆ సౌండే ఆధారం.

ఇప్పుడు ప్లానింగ్. కథ రాయడంతో మొదలుపెట్టకండి. పాటను టైమ్‌లైన్ మీద వేసి, పల్లవి, చరణం, మధ్యలో వచ్చే మ్యూజిక్ ఎక్కడెక్కడ మొదలవుతాయో మార్కర్లు పెట్టండి. తర్వాత ఫోన్ పట్టుకుని టెర్రస్‌కు, గల్లీకి వెళ్లి ప్రతి షాటుకూ ఒక ఫొటో తీయండి. నటులు అక్కర్లేదు, ఎవరో ఒకరు నిలబడితే చాలు. ఆ ఫొటోలన్నీ పాట మీద పేర్చండి. ఇంత చేస్తే 4 నిమిషాల వీడియో చిత్తుప్రతిలా మీ ముందు నడుస్తుంది. ఎక్కడ బోర్ కొడుతోందో, ఎక్కడ ఒకే షాట్ ఇరవై సెకన్లు ఉన్నా బాగుందో అప్పుడే తెలిసిపోతుంది. ముగ్గురు బయటివాళ్లకు చూపించి, ‘ఇందులో లోకం నియమం ఏంటి?’ అని అడగండి. వాళ్లు నీడ అనకపోతే షూటింగ్‌కు వెళ్లొద్దు, ఫొటోలు మళ్లీ పేర్చండి. సర్రియల్ అంటే అప్పటికప్పుడు తోచింది షూట్ చేసేయడం అనుకుంటారు చాలామంది, అది తప్పు. మామూలు ప్రేమపాటలో ఒక షాట్ పోయినా కథ అర్థమవుతుంది. ఇలాంటి వీడియోలో నియమం చూపించే షాట్ పోతే మొత్తం అయోమయం.

నీడను మెల్లగా బయటపెట్టండి. మొదటి నలభై సెకన్లు అంతా మామూలుగా ఉండాలి: తాడు, బట్టలు, బకెట్, ఆమె. మొదటి పల్లవిలో ఒక్క నీడ తప్పు దిక్కుకు పడాలి, కెమెరా దాన్ని పట్టించుకోకూడదు. రెండో పల్లవికి ఐదు నీడలు. మూడోసారికి చెప్పులు, ఆరిపోయే నీడ.

లొకేషన్ల విషయంలో గోల్కొండ, చార్మినార్ ఆశ వదిలేయండి. అవి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, వీడియో షూటింగ్‌కు ముందస్తు అనుమతి, ఫీజు ఉంటాయి. మెట్రోలో కూడా అనుమతి లేకుండా కెమెరా తీస్తే ఆపేస్తారు. ఖాజాగూడ రాళ్ల గురించి అడిగారు. రాయి మీద రాయి ఎవరో పేర్చినట్టున్న ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, చూడగానే వేరే గ్రహంలా ఉంటుంది. అదే సమస్య కూడా. లోకమే వింతగా ఉంటే నీడ వింత కనిపించదు. మీ నియమానికి మామూలు సిమెంటు టెర్రస్, మామూలు గల్లీ కావాలి. ఎంత చప్పగా ఉంటే అంత మంచిది. ఇంటి ఓనరు గారిని ముందే కలిసి, ఎన్ని గంటలకు వస్తారో, నీళ్లు ఎంత వాడతారో చెప్పండి. మేలో ట్యాంకు నీళ్లంటే ఎవరికైనా కోపం వస్తుంది, రెండు క్యాన్లు మీరే తెచ్చుకుంటామనండి.

గల్లీ షాట్ ఆదివారం ఉదయం ఆరింటికి పెట్టుకోండి. టీ కొట్టాయనకు, పక్క ఇళ్లవాళ్లకు ముందురోజే చెప్పాలి, స్థానిక పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కాలేజీ లెటర్‌తో తెలియజేయాలి. ఒక అమ్మాయి అర్థంకాని పాట పాడుతూ వెనక్కి నడుస్తుంటే జనం కంగారు పడటం సహజం. మీలో ఒకరి పని అదే: కెమెరా ముట్టుకోకుండా, వచ్చిపోయేవాళ్లకు నవ్వుతూ వివరించడం. వెనక్కి నడిచేటప్పుడు ఆమె వెనుక బండ్లు చూసే మనిషి ఇంకొకరు తప్పనిసరి. ఎవరి ముఖం స్పష్టంగా పడినా అడిగి ఒప్పించుకోండి.

డబ్బు సంగతి. 30 వేలలో మూడో వంతు తిండికి, ప్రయాణాలకు తీసి పక్కన పెట్టేయండి. రాత్రి ఆలస్యమైతే అమ్మాయిలు ఇంటికి వెళ్లడానికి క్యాబ్ డబ్బులు అందులోనే. ఇంకో పెద్ద భాగం ఒక మంచి ట్రైపాడ్, ఒక వైడ్ లెన్స్, ఎన్‌డీ ఫిల్టర్ అద్దెకు. ట్రైపాడ్ కదిలితే ఈ ట్రిక్కులేవీ పనిచేయవు, అక్కడ పొదుపు చేయొద్దు. బట్టలకు రెండే రంగులు ఎంచుకోండి, పాడే అమ్మాయికి ఒకే డ్రెస్ రెండు జతలు కొనండి, చెమటకు, నీళ్లకు ఒకటి పాడైనా షూటింగ్ ఆగదు. పాత కుర్చీలు, బకెట్లు, అద్దాలు లాంటివి ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, గురువారం జుమ్మెరాత్ బజార్‌లోనో చవగ్గా దొరుకుతాయి. కొంత మొత్తం ఎవరూ ముట్టుకోకుండా ఉంచండి. మే నెల హైదరాబాద్‌లో ఉన్నట్టుండి గాలివాన వస్తుంది, ఇంకో రోజు తీయాల్సి రావచ్చు.

డ్రోన్ గురించి అడిగారు కదా. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ ‘డిజిటల్ స్కై’ మ్యాప్‌లో చూసుకోవాల్సిందే. నన్నడిగితే వద్దు. పక్క బిల్డింగ్ మూడో అంతస్తు నుంచి ట్రైపాడ్ మీద తీసిన షాట్ నిశ్చలంగా ఉంటుంది, నీడల మీదే చూపు నిలుస్తుంది.

చివరగా పాట హక్కులు. ట్యూన్ మీదే, కానీ బీట్ నెట్‌లోంచి దించుకున్నామని రాశారు. దాని లైసెన్స్ ఇవాళే చదవండి. కొన్ని బీట్లు సొంతంగా వినడానికి మాత్రమే ఉచితం, యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. కొత్త బీట్ చేయించుకోవాల్సి వస్తే టెంపో మారుతుంది, టెంపో మారితే మీ మార్కర్లు, రివర్స్ ట్రాక్, స్లో ట్రాక్ అన్నీ మళ్లీ చేయాలి. కాబట్టి ఫైనల్ పాట చేతికి వచ్చాకే ఫొటోలు పేర్చడం మొదలుపెట్టండి. పేర్చిన వెర్షన్ లింకు ఇక్కడ పెడితే షాట్ షాట్‌కూ చూసి నా అభిప్రాయం రాస్తాను. నీళ్ల నీడ టెస్టు కూడా తీసి పెట్టండి, ఏ టైమ్‌కు తీశారో, ఎంతసేపట్లో ఆరిందో పక్కన రాయండి.